ఉప్పు లేని నీరు

మూడో రోజు కూడా
అడుగుచెక్క ఎత్తితే జానెడు నీరు.
పంపు పెట్టి తోడేస్తాం, సాయంత్రానికి పొడి;
తెల్లారేసరికి మళ్లీ ఎవరో అద్దం పరిచినట్టు,
అందులో నా మొహమూ, టార్చి లైటూ.

దిండి రేవులో కట్టిన రాజుగారి షికారు పడవ.
రెండు గదులు, ఒక ఏసీ, మేడ మీద ప్లాస్టిక్ కుర్చీలు.
రొయ్య కలిసొచ్చిన ఏడు కొన్నారు,
రొయ్య తిరగబడ్డ ఏడు కూడా అమ్మలేదు.
ఆదివారం వియ్యాలవారు వస్తున్నారట,
"ఈలోగా మునగకుండా చూడరా" అని ఫోను.

కన్నం అంటే కిందే ఉంటుందని కదా లెక్క.
షాఫ్టు దగ్గర గ్రీజు తాడు విప్పి మళ్లీ చుట్టాను.
ఆటులో పడవని బురద మీద కూచోబెట్టి
ఫైబర్ ఒళ్లంతా గోటితో కొట్టి కొట్టి విన్నాను,
పుచ్చకాయ కొనేవాడిలా.
పోయినేడు లంక దగ్గర మేటకి తగిలినప్పటి అతుకు ఒకటుంది,
దాని మీద చెయ్యేసి అరగంట కూచున్నాను.
పొడిగా ఉంది.
దానికి క్షమాపణ లాంటిదేదో చెప్పాను, పైకి కాదు.

"ట్యాంకు తొందరగా అయిపోతందండీ" అంది వంట వీరమణి.
"గిన్నెలు తోమడం తగ్గించు" అన్నాను.

నాలుగింటికి ఓలేటి నూకరాజు వచ్చాడు.
డెబ్బై దాటాయి. గుగ్గిలం, కొబ్బరిపీచు, చెక్క తెలిసిన మనిషి.
"ఇదేంటిది, బకెట్టుకి ఇంజను పెట్టినట్టు" అంటాడు ఎప్పుడూ.
టార్చి అడగలేదు. కళ్లజోడు తియ్యలేదు.
అడుగు నీళ్లలో వేలు ముంచి
నాలుక మీద పెట్టుకున్నాడు.

డీజిలు తెట్టు, బొద్దింక కాళ్లు తేలే నీళ్లు!
నాకు కడుపులో తిప్పింది.
ఆయన పులుసు రుచి చూసే ఆడమనిషిలా
కళ్లు మూసుకుని, తెరిచి, పక్కకి ఉమ్మి,
అంచు మీంచి వంగి వసిష్ఠలో దోసిలి ముంచాడు.
అదీ చూశాడు.

వైశాఖం. పైన బ్యారేజీ తలుపులు దించేశారు.
పోటు పోటుకీ సముద్రం ఒక మెట్టెక్కి
కొబ్బరివేళ్ల దాకా వచ్చి కూచుంది.
గేదెలు రేవులో మూతి ముంచి,
తలెత్తి మనవైపు చూస్తున్నాయి.

"ఇది ఉప్పు," అన్నాడు గోదారిని చూపించి.
"అది చప్పన," అన్నాడు పడవని చూపించి.
"ఏటి నీరు కాదురా అబ్బాయ్. ఇంటి నీరు."

డబ్బులు పుచ్చుకోలేదు.
వీరమణి పెట్టిన చేపలపులుసు మాత్రం గిన్నెతో పట్టుకుపోయాడు.

మూడు రోజులు ఏటిని తిట్టాను,
మేటని, అతుకుని, షాఫ్టు చేసిన కోయంబత్తూరువాణ్ణి.
ఏరు ఏమీ అనలేదు.

పొద్దున్నే మేడ మీది మంచినీళ్ల ట్యాంకులో
నీలిమందు సీసా సగం వంపేశాను.
కుళాయిలన్నీ బిగించి
అడుగున బోర్లా పడుకున్నాను.
అన్నం అయిందని వీరమణి రెండుసార్లు పిలిచింది.
రెండో పిలుపుకి కనపడింది:
పెద్దగది గోడ వెనక నించి
ఏ తొందరా లేకుండా, చీమ నడిచినట్టు,
ఒక నీలం దారం.

పట్టుకుని పాకాను.
పరుపెత్తాను, ప్లైవుడ్ విప్పాను.
షవరు గొట్టం మొదట్లో
స్టీలు బిగింపు ఉండాల్సిన చోట
సైకిలు ట్యూబు ముక్కా, చుట్టిన రాగితీగా.
తీగ మెలిక ఎడమకి తిరిగి ఉంది.

ఈ రేవులో పురిచెయ్యివాణ్ణి నేనొక్కణ్ణే.

పోయిన కార్తీకం. వనభోజనాలవాళ్లు ఒడ్డున కేకలు.
"ఈ పూటకి ఆగుద్ది" అని కట్టాను.
పాపం, ఆరు నెలలు ఆగింది.

నర్సాపురం వెళ్లి నలభై రూపాయల బిగింపు తెచ్చాను.
"గొట్టం దగ్గరండి" అన్నాను ఫోనులో.
ఎవరు కట్టారని రాజుగారు అడగలేదు.
నేను చెప్పలేదు.
ఆదివారం స్నానం చేసిన వియ్యపురాలు
తువ్వాలు నీలంగా ఉందేమిటని అడిగిందట.

వారమైనా నా వేలి గోరు తెల్లబడలేదు.
రేవులో నూకరాజు పట్టుకు చూశాడు:
"ఎలక్షన్లెప్పుడొచ్చాయిరా? ఎవరికేశావ్?"

"దొరికినోడికి," అన్నాను.